అడగండి చెబుతాం: రేఖ తెలుగా, అరవమా?

ప్రశ్న: హిందీ నటి రేఖ జెమినీ గణేశన్ కూతురు కదా, సినిమా వాళ్లింట్లో పుట్టింది కాబట్టి బొంబాయిలో ఛాన్సులు ఇట్టే వచ్చేశాయని మా ఆయన అంటాడు. పైగా ఆమె అరవమ్మాయేనని పందెం కూడా కాశాడు. నిజమేనా? – ఒక పాఠకురాలు, కావలి

జవాబు: పందెం ఎంతో చెప్పలేదు! ఎంతైనా చెరిసగం పంచుకోండమ్మా, ఎందుకంటే నాన్న తమిళుడు, అమ్మ పుష్పవల్లి మాత్రం పదహారణాల తెలుగావిడ, పశ్చిమ గోదావరిలో పెంటపాడు ఆమెది. రేఖ అసలు పేరు భానురేఖ, 1954లో మద్రాసులో పుట్టింది. మద్రాసంటే మన నెల్లూరోళ్లకి పరాయి ఊరేం కాదు, పొద్దున రైలెక్కితే మధ్యాహ్నం భోజనానికి అక్కడుంటాం, కాబట్టి నా మటుకు నేను ఆమెని మనమ్మాయి కిందే లెక్కేసుకుంటాను.

ఛాన్సుల సంగతికొస్తే మీ ఆయనతో నేను ఒప్పుకోను. 1947లో 'మిస్ మాలిని' తీసినప్పుడు పుష్పవల్లి హీరోయిన్, గణేశన్‌ది చిన్న వేషం. తర్వాత ఆయన పెద్ద హీరో అయ్యాడు గానీ పుష్పవల్లిని పెళ్లి చేసుకోలేదు, ఈ పిల్ల తన కూతురని చాలా ఏళ్లు బయట చెప్పుకోనూ లేదు. పేరు వాడుకుందామన్నా ఆ పేరు ఇచ్చేవాళ్లేరీ? తల్లికేమో అప్పులు. పసిపిల్లగా 'ఇంటిగుట్టు' (1958)లో కనిపించింది (పేరు చూడండి, ఎంత సరిగ్గా కుదిరిందో!), 1966లో బి.ఎన్. రెడ్డి గారి 'రంగులరాట్నం'లో బేబీ భానురేఖ. చంద్రమోహన్‌కి అదే మొదటి సినిమా. ఇక ఆ తర్వాత చదువు మానిపించి పూర్తిగా సినిమాల్లోకి దించేశారు. నటించాలని తనకసలు లేదని, బలవంతం మీదే వచ్చానని ఆమే తర్వాత చెప్పుకుంది.

1969లో కన్నడంలో రాజ్‌కుమార్ పక్కన హీరోయిన్. అదే ఏడు బొంబాయి. హిందీ ముక్క రాదు, తెలిసినవాళ్లు లేరు, వయసు చూస్తే పదిహేను. మొదట ఒప్పుకున్న సినిమా సెన్సారులో ఇరుక్కుని పేరు మార్చుకుని 1979లో గానీ బయటకు రాలేదు. ఈలోపు నవీన్ నిశ్చల్‌తో 'సావన్ భాదోం' 1970లో విడుదలై ఆడింది. ఆడినా మెచ్చుకోలేదు, నల్లగా ఉంది, లావుగా ఉంది, ఆ బట్టలేంటి అని పత్రికలు ఏడిపించుకు తిన్నాయి. వరసగా సినిమాలు చేసింది, చాలావాటిలో పాటలకీ అలంకారానికీ తప్ప పనేమీ లేదు. నటి అని అందరూ ఒప్పుకునేసరికి 1978 అయింది, 'ఘర్' వచ్చాక. హిందీ ముక్క రాని ఆ పిల్లే 1981లో 'ఉమ్రావ్ జాన్'లో ఉర్దూ షాయరీ చెప్పి జాతీయ అవార్డు కొట్టింది. ఇది మీ ఆయనకి కాస్త గట్టిగానే చదివి వినిపించండి.

ప్రశ్న: 'సావన్ భాదోం' అంటే ఏమిటండీ? – ఒంగోలు పాఠకుడు

జవాబు: శ్రావణ, భాద్రపద మాసాలు. ఉత్తరాదిన అవి జోరువానల నెలలు. మనవైపు శ్రావణంలో ఉక్కపోతే ఎక్కువ, అసలు వానలు ఆశ్వయుజం, కార్తీకాల్లో కదా. ఆ సినిమా మనోళ్లు తీసుంటే పేరు 'కార్తీకం' అయ్యుండేది!