రింగు తిప్పి చూపించాక కూడా ఆసరా ఎక్కడ దాగుతుంది?

మీ ప్రశ్న ఇది: మనిషి గాలిలో అడ్డంగా తేలుతున్నప్పుడు మెజీషియన్ రింగును తల నుంచి కాళ్ల దాకా తిప్పి చూపిస్తాడు, వెనక ఆసరా ఉంటే అది తగిలి ఆగిపోవాలి కదా? తిన్నటి కమ్మీ అయితే ఆగిపోతుంది. అందుకే దాన్ని వంచుతారు. ఆ వంపును గూస్‌నెక్ అంటారు, అంటే బాతు మెడ.

తేలే మనిషి నడుము కింద ఒంటికి ఒదిగే సన్నని పలక ఉంటుంది, బట్టల అంచు దాన్ని కప్పేస్తుంది. పలక మధ్య నుంచి ఇనుప కమ్మీ కొద్దిగా వెనక్కి వచ్చి, కాళ్ల వైపు తిరిగి ఒంటికి సమాంతరంగా కొంతదూరం సాగి, మళ్లీ వెనక్కి మళ్లి తెర చీలికలోంచి లోపలికి పోతుంది. పైనుంచి చూస్తే మెలిక తిరిగిన గీతలా ఉంటుంది.

రింగును తల మీదుగా తొడిగి కాళ్ల వైపు జరిపితే, సమాంతరంగా సాగిన కమ్మీ ముక్క కూడా ఒంటితో పాటే రింగు లోపల ఇముడుతుంది. రింగు ముందంచు, అంటే చూసేవాళ్ల వైపున్న అంచు, పాదాలు దాటుతుంది. చూసేవాళ్లకు రింగు బయటికి వచ్చేసినట్టే. నిజానికి అది కమ్మీకి గుచ్చుకునే ఉంది. అందుకని వెనక నుంచి తల వైపుకు తెచ్చి రెండోసారి తిప్పుతారు. ఈసారి వెనకంచు ఒంటికీ కమ్మీకీ మధ్య సందులోంచి జారుతుంది, పాదాల దగ్గర రింగు పూర్తిగా విడిపోతుంది. రెండుసార్లు తిప్పేది నమ్మకం పెంచడానికి కాదు, రింగు బయటపడే దారే అది. రింగు చిన్నదైతే రెండో విడతలో తల దాటదు. కమ్మీకి తగిలి ఠంగుమంటే ఆట అక్కడితో అయిపోయినట్టే, కాబట్టి కమ్మీకి మెత్తని గుడ్డ చుట్టాలి.

బరువు లెక్క చాలామంది తక్కువగా అంచనా వేస్తారు. 60 కిలోల మనిషి, తెర వెనకున్న ఆధారానికి 1.5 మీటర్ల ముందు ఉన్నాడనుకోండి. ఆధారానికి అటువైపు అర మీటరు దూరంలో కౌంటర్‌వెయిట్, అంటే సరితూగే ఎదురు బరువు పెడితే 180 కిలోలు కావాలి. పలక, కమ్మీల బరువు దీనికి అదనం. కమ్మీ పలచనైతే విరగకపోయినా ఊగుతుంది, ఆ ఊగడం చూసే వెనక ఏదో ఉందని జనం పట్టేస్తారు. ఇక చూపు కోణం. బాల్కనీలో కూర్చున్నవాళ్లకు ఒంటి మీదుగా కమ్మీ కనిపించవచ్చు, మరీ ఎత్తుకు లేపితే ముందు వరుసకు పలక అడుగుభాగం కనిపిస్తుంది. ఈ రెండింటి మధ్యే ఎత్తు నిర్ణయించుకోవాలి.

1992లో అమెరికా మెజీషియన్ డేవిడ్ కాపర్‌ఫీల్డ్ మొదటిసారి చూపించిన ఎగిరే ఆట వేరే పద్ధతి. జాన్ గోహన్ రూపొందించిన ఆ యంత్రంలో నడుముకు రెండు పక్కలా విసనకర్రలా పరుచుకున్న సన్నని తీగలు ఉంటాయి. బరువు అన్నింటికీ పంచుతారు కాబట్టి ఒక్కొక్కటీ చాలా సన్నగా ఉండగలదు. కానీ తీగను దాచేది సన్నదనం ఒక్కటే అనుకోవద్దు. ఎంత సన్నటి తీగైనా మెరిస్తే దూరం నుంచి కూడా తెల్లని గీతలా కనిపిస్తుంది. మెరుపు లేని నల్లటి తీగ, వెనక ముదురు రంగులో గజిబిజి డిజైన్ ఉన్న తెర, తీగల మీద నేరుగా పడని లైటు, ఈ మూడూ కలవాలి. వీటిలో ఎక్కువగా బెడిసికొట్టేది లైటే.

ఒక మెజీషియన్ పేరుతో పిలిచే బాల్‌దూచీ పద్ధతికి పరికరం అక్కర్లేదు. ఇందులో రెండు మడమలూ కలిపి, చూసేవాళ్లకు వీపు ఏటవాలుగా పెట్టి నిలబడతారు. దూరపు కాలి వేళ్లు దగ్గరి కాలి వెనక దాగుతాయి. ఆ వేళ్ల మీద లేస్తే దగ్గరి పాదం మొత్తం, దూరపు మడమ గాల్లో ఉన్నట్టు అనిపిస్తుంది. దక్కేది కొన్ని సెంటీమీటర్లు, కొన్ని సెకన్లే. జనం పక్కకు విడిపోయి నిలబడితే వేళ్లు బయటపడతాయి, అందుకే ఇది నలుగురైదుగురి గుంపుకే.

మొండెం లేని తల మాట్లాడే ఆట అద్దాలది. 1865లో లండన్‌లో స్టోడేర్ అనే మెజీషియన్ చూపించిన స్ఫింక్స్ అనే ఆట ఇలాంటిదే. మూడు కాళ్ల బల్ల కింద, కాళ్ల మధ్య రెండు అద్దాలు ముందు కాలి దగ్గర కలుస్తాయి, మనిషి ఒళ్లు వాటి వెనక దాగుతుంది. వెనక్కి 45 డిగ్రీలు తిరిగిన ఒక్కో అద్దం పక్క తెరను చూపిస్తుంది, చూసేవాళ్లు దాన్నే వెనక తెర అనుకుంటారు. అందుకే రెండు పక్కలా, వెనకా ఒకే గుడ్డ, ఒకే వెలుతురు ఉండాలి. అద్దం మీద ఒక్క వేలిముద్ర ఉన్నా లైటు పడగానే గాలిలో తేలే మచ్చలా కనిపిస్తుంది. మెజీషియన్ బల్ల పక్కల నుంచి నడిస్తే అతని కాళ్లు అద్దంలో పడతాయి, కాబట్టి నడవాల్సిన దారిని నేల మీద చాక్‌పీసుతో ముందే గీసి పెట్టుకోవాలి.