ఇండస్ట్రియల్ మ్యూజిక్ మనోళ్ళకి ఎక్కుతుందా? ఏ కంపైలేషన్‌తో మొదలుపెట్టాలి?

ఎక్కుతుందా అని అడిగినారు చూడండి, అక్కడే నాకు కాలింది. మిషన్ల మోతతో, ఇనుము శబ్దాలతో చేసే ఈ సంగీతం మనోళ్ళకి ఎక్కినట్టు ఇంకెవరికీ ఎక్కదు. నేను నగరి పక్కన ఏకాంబరకుప్పంలో పవర్‌లూమ్ షెడ్ల మధ్య పెరిగినా, ఇప్పుడు ఉండేది తిరుపతిలో.

మా మేనమామ షెడ్డులో మగ్గాలు ఆడతా ఉంటే పక్కనోడు అరిచినా వినపడదు. కానీ యాడో మూలన ఒక మగ్గంలో పేక తెగిందంటే మామ తల అటు తిరిగిపోతుంది. ఒకసారి కరెంటు పోయి అన్నీ నిలిచిపోయినప్పుడు, ఫోన్‌కి చిన్న స్పీకర్ తగిలించి ఫ్రెంచ్ కంపోజర్ పియేర్ షాఫెర్ 1948లో పారిస్‌లో రైలింజన్ల శబ్దాలతో చేసిన ముక్క పెట్టినా. మామ కండెలు సర్దుతా విన్నాడు. కాసేపటికి, "అల్లుడూ, రైలు ఇట్లా పోదు గదరా, ఒకే ముక్కని పట్టుకోని మళ్ళా మళ్ళా తిప్పతా ఉండాడు వాడు" అన్నాడు. షాఫెర్ పనితనం అంతా అదే! రికార్డు మీద గాడిని గుండ్రంగా మూసేసి, ఒకే శబ్దం తిరిగి తిరిగి వచ్చేట్టు చేసేవాడు. ఇది మామకి ఎవురూ చెప్పలా, చెవే పట్టేసింది. ఇంక మనోళ్ళకి ఎక్కదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

ఇప్పుడు మీరు అడిగిందానికి వస్తా. బ్రస్సెల్స్‌లో సబ్ రోసా అనే కంపెనీ 2001లో మొదలుపెట్టి వాల్యూములుగా తెచ్చిన 'యాన్ ఆంథాలజీ ఆఫ్ నాయిస్ అండ్ ఎలక్ట్రానిక్ మ్యూజిక్' ఉంది, మొదటి వాల్యూమ్ తీసుకోండి. 1921 నాటి ఇటలీ రుస్సోలో అన్నదమ్ముల రికార్డింగూ అందులోనే, తుక్కు ఇనుమూ డ్రిల్లింగ్ మిషన్లూ వాయించే బెర్లిన్ బ్యాండు ఐన్‌స్టుర్జెండె నోయ్‌బాటెన్ కూడా అందులోనే. దయచేసి షఫుల్ పెట్టొద్దు. ఏ ముక్క పక్కన ఏది రావాలో కూర్చోని ఆలోచించి పేర్చినోడి కష్టం మొత్తం ఆ ఒక్క బటన్‌తో పోతుంది, పైగా ఈ పాటల యాప్‌లలో సీడీతో వచ్చే బుక్‌లెట్ ఉండదు, ఎవరు, ఎప్పుడు, దేంతో చేసినారో తెలీకుండా వింటే సగమే విన్నట్టు.

ఇదంతా తెల్లోళ్ళ పిచ్చి అనేవాళ్ళు 'ద ఎన్ఐడీ టేప్స్' వినండి. 1969లో అహ్మదాబాద్ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌కి కరెంటుతో శబ్దాలు పుట్టించే మూగ్ సింథసైజర్ వచ్చింది, అమెరికన్ కంపోజర్ డేవిడ్ ట్యూడర్ వచ్చి స్టూడియో పెట్టించినాడు. గీతా సారాభాయ్, అతుల్ దేశాయ్ లాంటివాళ్ళు 1972 దాకా దాంట్లో చేసిన పనిని పాల్ పర్గాస్ అనే బ్రిటిష్ ఆర్టిస్టు ఆ సంస్థ ఆర్కైవ్‌లోంచి బయటికి తీస్తే, 2023లో కంపైలేషన్‌గా వచ్చింది. మన దేశంలో చేసిన సంగీతం, అన్నేళ్ళు ఎవురికీ వినపడకుండా టేపుల్లో పడుండింది. నాకైతే కడుపు రగిలిపోతుంది.

మా పక్కా అదే జరగతా ఉంది. మా వీధిలో మగ్గాలు ఒక్కొక్కటే పాత ఇనుము కిందికి పోతా ఉండాయి, ఒక్క షెడ్డు శబ్దం కూడా సరిగ్గా రికార్డు కాలా. ఫోన్‌తో తీస్తే ఒట్టి గరగర, దాంట్లో షటిల్ దెబ్బ వేరుగా తెలీదు. తిరుపతి, పుత్తూరు పక్క మంచి రికార్డరూ మైకులూ ఉండేవాళ్ళు ఎవరైనా ఉంటే కామెంట్‌లో చెప్పండి, షెడ్డు తాళాలు నేను ఇప్పిస్తా.