పళ్ల వైద్యం ప్రత్యేక వృత్తిగా ఎప్పుడు మారింది?

యూరప్‌లో చాలాకాలం పన్ను పీకడం మంగళ్ల పనే, లేదంటే సంతల్లో తిరిగేవాళ్లది. రోగిని నేలమీద కూర్చోబెట్టి, తలను మోకాళ్ల మధ్య ఇరికించుకుని లాగేవారు. పారిస్‌లో వైద్యం చేసిన పియెర్ ఫోషార్ దీన్ని తప్పుబట్టాడు, చేతుల కుర్చీలో కూర్చోబెట్టమన్నాడు. పిప్పిపన్నుకు పురుగే కారణమని అప్పటి నమ్మకం (మన ఊళ్లలోనూ అంటారు కదా). మైక్రోస్కోపుతో వెతికాననీ, పురుగు కనబడలేదనీ రాశాడు. 1728లో తనకు తెలిసిన పనంతా రెండు సంపుటాల్లో అచ్చువేయించాడు. ఎవరికి వారు దాచుకునే విద్యను అలా అందరి ముందూ పెట్టడమే నా దృష్టిలో అసలు మలుపు.

చదువు, డిగ్రీ మాత్రం 1840లో అమెరికాలోని బాల్టిమోర్‌లో హేడెన్, హారిస్ పెట్టిన కాలేజీతో వచ్చాయి. మన దేశంలో తొలి డెంటల్ కాలేజీని 1920లో కలకత్తాలో రఫీయుద్దీన్ అహ్మద్ ప్రారంభించారు.