చెవిపోటు తగ్గి పది రోజులే... నాలుగేళ్ల బాబుని రాక్ కచేరీకి తీసుకెళ్లొచ్చా?

ప్రశ్న: మా బాబుకి నాలుగేళ్లు నిండాయి, 16 కిలోలు ఉంటాడు. త్యాగరాజ కీర్తనల్ని గిటార్లు, డ్రమ్స్‌తో పాడే ఒక బ్యాండ్ అంటే వాడికి ప్రాణం. వచ్చే శనివారం ఇక్కడ వాళ్ల కచేరీ ఉంది. స్టేజి వెనక వాళ్లను కలిసే పాస్ కూడా దొరికింది. పది రోజుల కిందట బాబుకి జలుబుతో పాటు చెవిపోటు వచ్చింది. ఒక రాత్రి దిండుకి కొంచెం చీములాంటిది అంటింది, ఆ తర్వాత నొప్పి తగ్గింది. డాక్టరు ఏడు రోజులకు రాసిన యాంటీబయాటిక్ సిరప్ నాలుగో రోజే ఆపేశాం, సగం సీసా మిగిలింది. కచేరీలో జనం ఎక్కువ కాబట్టి ముందు రోజు అది మళ్లీ పట్టొచ్చా? తుమ్మకుండా జలుబు సిరప్ ఒక మూత ఇస్తే సరిపోతుందా? ఈమధ్య టీవీ సౌండ్ బాగా పెంచుకుని చూస్తున్నాడు, కాబట్టి శబ్దానికి భయపడడనే అనుకుంటున్నాం. చెవుల్లో దూది పెడితే చాలా?
– ఒక తల్లి, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: ముందు టీవీ సంగతి చూద్దాం. చెవిపోటు వచ్చిన పిల్లాడు ఆ తర్వాత సౌండ్ పెంచడం మొదలుపెట్టాడంటే దాన్ని ధైర్యం కింద జమ కట్టకండమ్మా. వినికిడి తగ్గిందేమో చూడాలి. జలుబు చేసినప్పుడు ముక్కు వెనక నుంచి మధ్య చెవికి వెళ్లే సన్నటి గొట్టం వాచి మూసుకుపోతుంది. ఇన్‌ఫెక్షన్ తగ్గాక కూడా కర్ణభేరి వెనక నీరు నిలిచిపోవచ్చు. దానికి నొప్పి ఉండదు, జ్వరం ఉండదు. రెండోసారి పిలిస్తేగానీ పలకకపోవడం, ఊరికే "ఆఁ?" అనడం, టీవీకి దగ్గరగా జరగడం, ఇవే లక్షణాలు. చాలామంది పిల్లల్లో మూడు నెలల్లోపు ఆ నీరు దానంతటదే పోతుంది, మందు కూడా అక్కర్లేదు. అయితే అది ఉందో లేదో మనకు తెలిసుండాలి. మాటలు, అక్షరాలు నేర్చే వయసులో నెలల తరబడి సగం సగం వింటే ఆ లోటు బడిలో బయటపడుతుంది.

రెండోది, దిండుకి అంటిన చీము. కర్ణభేరికి చిన్న చిల్లు పడి, లోపలి చీము బయటికి వచ్చి ఉండొచ్చు. అప్పుడు ఒత్తిడి తగ్గుతుంది కాబట్టి నొప్పీ తగ్గుతుంది. నొప్పి పోయింది కదా అని జబ్బు కూడా పోయిందనుకోలేం. ఇలాంటి చిల్లులు ఎక్కువగా కొన్ని వారాల్లో పూడుకుంటాయి. నేను చెవి చూడకుండా రాస్తున్నాను కాబట్టి ఇంతకుమించి ఖాయంగా చెప్పడం సరికాదు. శనివారంలోపు ఈఎన్‌టీ డాక్టరుకి చూపించండి. చెవిలోకి లైటు వేసి చూడటం, అవసరమైతే టింపనోమెట్రీ (చెవిలో గాలి ఒత్తిడి మార్చి కర్ణభేరి ఎలా కదులుతోందో చూసే పరీక్ష), కొద్ది నిమిషాల పని. శబ్దం వినిపించినప్పుడల్లా డబ్బాలో ఒక బొమ్మ వేయమని ఆటలా చేసే వినికిడి పరీక్ష నాలుగేళ్ల పిల్లలు బాగానే చేస్తారు. లింగరాజపురంలోని డాక్టర్ ఎస్.ఆర్. చంద్రశేఖర్ వాక్ శ్రవణ సంస్థ లాంటి చోట్ల ఇలాంటి పరీక్షలు చేస్తారు. పాత చీటీ, ఆ సగం సీసా రెండూ తీసుకెళ్లండి. మందు నాలుగో రోజే ఆపామని దాచకుండా చెప్పండి.

ఇక ఆ సగం సీసా. మిగిలిన యాంటీబయాటిక్‌ను ఫ్రిజ్‌లో దాచి మళ్లీ పట్టడం మన ఇళ్లలో బాగా పాతుకుపోయింది. ఇది మానాలి. జనంలో పిల్లలకు అంటుకునేవి ఎక్కువగా వైరస్‌లు, యాంటీబయాటిక్ వాటి మీద పనిచేయదు. ముందు రోజు రెండు మోతాదులు వేస్తే రక్షణ రాదు, విరేచనాలు మాత్రం రావచ్చు. పైగా నీళ్లు కలిపిన పొడి సిరప్‌లు చాలావరకు ఫ్రిజ్‌లో పెట్టినా ఏడు రోజులే పనికొస్తాయి. మీది ఆ గడువు దాటిపోయింది. డాక్టరుకి చూపించాక పారేయండి. మళ్లీ కోర్సు కావాలా వద్దా అన్నది చెవి చూసినవాళ్లే చెప్పాలి.

చెవిలో వేసేవాటి విషయంలో ఇంకా గట్టిగా చెప్పాలి. వెల్లుల్లి వేసి కాచిన నూనె, కొబ్బరినూనె, ఇంట్లో ఎవరికో రాసిన చుక్కల మందు, ఏదీ వేయొద్దు. చిల్లు ఉన్న చెవిలో నూనె పోస్తే అది మధ్య చెవిలోకి దిగుతుంది. జెంటామైసిన్, నియోమైసిన్ అనే యాంటీబయాటిక్‌లు ఉన్న చుక్కలు లోపలికి చేరితే వినికిడి నరాల దగ్గరి కణాలు దెబ్బతినే ప్రమాదం ఉంది. పెద్దవాళ్లు ప్రేమతోనే నూనె వెచ్చబెడతారు, నొప్పించకుండా ఆపాల్సింది మీరే.

జలుబు సిరప్ కూడా వద్దు. క్లోర్‌ఫెనిరమైన్, ఫినైల్‌ఎఫ్రిన్ కలిపిన జలుబు మందును నాలుగేళ్లలోపు పిల్లలకు వాడకూడదని ప్యాక్ మీద హెచ్చరిక వేయాలని కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ 2023 డిసెంబరులో ఆదేశించింది. ఐదేళ్లలోపు వారికి దగ్గు, జలుబు మందులు సాధారణంగా సిఫార్సు చేయబోమని కేంద్ర ఆరోగ్య శాఖ 2025 అక్టోబరులో చెప్పింది. మగతలో తూగే పిల్లాడిని జనంలో మోసుకు తిరగడం ఇంకో ప్రమాదం. "ఒక మూత" అనేది కొలత కాదు. జ్వరం వస్తే పారాసెటమాల్ కిలోకి 15 మి.గ్రా. చొప్పున ఇవ్వొచ్చు, 16 కిలోలకు 240 మి.గ్రా. వస్తుంది. 5 మి.లీ.లో 120 ఉన్న సీసా, 250 ఉన్న సీసా రెండూ షాపులో పక్కపక్కనే ఉంటాయి, తేడా చూడకపోతే మోతాదు రెట్టింపవుతుంది. ఆరు గంటలు గడవకుండా మళ్లీ వేయొద్దు. ఆ రోజు జ్వరం ఉంటే మాత్రం సిరప్ పట్టి కచేరీకి తీసుకెళ్లకండి, ఇంట్లోనే ఉంచండి.

దూది చాలదు. అది శబ్దాన్ని ఏ కొద్దిగానో తగ్గిస్తుంది. పెద్దవాళ్లకు 85 డెసిబెల్స్ శబ్దం రోజుకు 8 గంటలు హద్దు అంటారు. అక్కడి నుంచి ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమవుతుంది, 100 దగ్గర 15 నిమిషాలే. రాక్ కచేరీలో స్పీకర్లకు దగ్గరగా 100 నుంచి 110 మామూలే. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే రోమ కణాలు ఒక్కో చెవికి సుమారు 15,000, చనిపోయినవి మళ్లీ పుట్టవు.

కాబట్టి పిల్లల సైజు ఇయర్‌మఫ్స్ కొనండి, హెడ్‌ఫోన్స్‌లా చెవి మొత్తాన్ని మూసేవి. పాటలు వినే హెడ్‌ఫోన్స్ ఆ పని చేయవు. నురుగు ప్లగ్‌లు కూడా వద్దు. చీము కారిన చెవిలో ఏదీ దూర్చకూడదు, పైగా పిల్లలు వాటిని పీకి నోట్లో పెట్టుకుంటారు. డబ్బా మీద ఎన్‌ఆర్‌ఆర్ (శబ్దాన్ని ఎన్ని డెసిబెల్స్ తగ్గిస్తుందో చెప్పే అంకె) 25 అని ఉంటే నిజంగా తగ్గేది దాదాపు సగమే అనుకోండి. అంటే 100 ఉన్నచోట లోపలికి 88 దాకా వెళ్తుంది. మఫ్ కింద జుట్టు, టోపీ, కళ్లద్దాల కాడ ఇరుక్కుంటే ఆ సందులోంచి శబ్దం దూరి ఆ సగం కూడా దక్కదు. ఇవాళ్టి నుంచే ఇంట్లో అలవాటు చేయండి. మొదటి రోజు పది నిమిషాలు, తర్వాత ఇరవై, మిక్సీ వేసినప్పుడు పెట్టి చూడండి. కచేరీకి వెళ్లాక పెడదామంటే మొదటి డ్రమ్ దెబ్బకే బెదిరి పీకేస్తాడు.

చెవి చూసిన డాక్టరు సరేనంటే, బ్యాండ్‌ను కలవడం వరకు నాకు అభ్యంతరం లేదు. కలిపించేది కచేరీకి ముందా, తర్వాతా అని నిర్వాహకులను అడగండి. ముందైతే మేలు. అయితే అప్పుడు సౌండ్ చెక్ నడుస్తుండొచ్చు, దాని శబ్దమూ తక్కువేం కాదు. మఫ్స్ గేటు దగ్గరే బాబు చెవులకు పెట్టేయండి. కలిశాక స్టేజి ముందుకి పోకుండా, సౌండ్ కన్సోల్ (శబ్దాన్ని సరిచేసే మిక్సర్ బల్ల) వెనక, స్పీకర్లకు దూరంగా మూడు నాలుగు పాటలు విని బయల్దేరండి. ముప్పావు గంట మించొద్దు. మఫ్స్ తీస్తే ఆ నిమిషమే బయటికి. ఉబ్బసం ఉంటే స్టేజి పొగకి దగ్గు రేగొచ్చు, ఇన్‌హేలర్ వెంట ఉంచుకోండి. ఫిట్స్ వచ్చిన చరిత్ర ఉంటే మిరుమిట్లు గొలిపే లైట్ల గురించి డాక్టరుని ముందే అడగండి. టికెట్ మీద వయసు నిబంధన కూడా చూసుకోండి, కొన్ని చోట్ల చిన్నపిల్లల్ని లోపలికి రానివ్వరు.

ఇంటికొచ్చాక "చెవిలో గుయ్‌మంటోందా?" అని అడగండి, అడక్కపోతే ఈ వయసు పిల్లలు చెప్పరు. మర్నాటికీ తగ్గకపోయినా, పిలిస్తే పలకకపోయినా రెండు రోజుల్లోపు చూపించాలి. చెవి వెనక ఎర్రగా వాచి చెవి ముందుకు పొడుచుకొచ్చినా, మూతి ఒక పక్కకు లాగినా, తూలి పడుతున్నా, జ్వరంతో మెడ బిగుసుకున్నా శనివారం దాకా, అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు. ఏ వేళైనా సరే, వెంటనే పిల్లల ఎమర్జెన్సీ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి.