చలికాలంలో బొద్దింకలు వంటింట్లోనే ఎందుకు ఎక్కువ కనిపిస్తాయి? మా ఇంటి అనుభవం

"చలికి చావాల్సింది పోయి డిసెంబర్లోనే ఇన్ని కనిపిస్తున్నాయేంటి" అని అడిగారు కదా, రెండేళ్ల కింద నేనూ అచ్చం ఇదే అనుకున్నా. మాది హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్, మూడో ఫ్లోర్. ఇక్కడ చలి అంటే రాత్రి బయట 12, 13 డిగ్రీలు, కిటికీలు మూసేసిన వంటింట్లో అంత చలి కూడా ఉండదు, ఆ మాత్రానికి అవి చావవు, కాస్త మందగించి వెచ్చగా ఉన్న చోటుకి చేరతాయంతే.

మా ఇంట్లో ఆ చోటు ఫ్రిజ్ వెనక. ఓ రోజు అత్తయ్య రాత్రి మంచినీళ్లకి లేచి లైటేస్తే ఓ పది దాకా ఫ్రిజ్ కిందకి దూరాయంట. తెల్లారి ప్లగ్ తీసి ముందుకి లాగి చూశా, కంప్రెసర్ దగ్గర ఒక ట్రే ఉంటుంది కదా, ఐస్ కరిగిన నీళ్లు పడేది, దాని చుట్టూ గుంపు. వేడీ అక్కడే, నీళ్లూ అక్కడే, ఇంకెక్కడికి పోతాయి! చూడగానే ఒళ్లు మండి స్ప్రే డబ్బా మొత్తం కొట్టేశా. అదే తప్పు. కొన్ని చచ్చాయి, మిగతావి చెదిరిపోయి వారానికి హాల్లో వైఫై డబ్బాలోనూ, వాటర్ ఫిల్టర్ వెనకా తేలాయి. పైగా తర్వాత జెల్ (బొద్దింకలు తిని చచ్చే మందు) తెచ్చి అక్కడే పెడితే స్ప్రే వాసనకి ఒక్కటీ ముట్టలేదు.

మళ్లీ సబ్బునీళ్లతో అంతా తుడిచి, వారం ఆగి, కందిగింజలో సగమంత జెల్ చుక్కలు ఫ్రిజ్ వెనక, కబోర్డు బందుల దగ్గర, ఫిల్టర్ వెనక పెట్టా. నాలుగైదు రోజులకి తిరగబడి పడున్నవి కనిపించాయి. అంతటితో వదిలేయకండి, గుడ్ల సంచిలో ఉన్నవాటిని జెల్ ఏం చెయ్యదు, ఒక్కో సంచిలో 30, 40 దాకా ఉంటాయి, అందుకే మూడు వారాలకి మళ్లీ పెట్టాలి. ఇంట్లో పాకే పిల్లలుంటే వాళ్ల చెయ్యి అందని చోట మాత్రమే.

రాత్రి పడుకునే ముందు సింకు పొడిగా తుడవడం, తడి గుడ్డ గట్టు మీద వదలకపోవడం, ఈ రెండూ బోరింగ్ పనులే కానీ తప్పవు. బొద్దింకలు తిండి లేకపోయినా కొన్నాళ్లు ఉంటాయేమో గానీ నీళ్లు లేకపోతే త్వరగా పోతాయి. బిర్యానీ ఆకులు కూడా పెట్టి చూశాంలెండి, ఆకు మీదే ఒకటి కూర్చుని మీసాలు ఊపుతోంది. కలరా ఉండలు వంటింట్లో మాత్రం వద్దు.

ఇదంతా చిన్నవాటి సంగతి, లేత గోధుమరంగులో తల వెనక రెండు నల్ల గీతలు ఉంటాయే, అవి. అవి మా ఇంట్లోకి ఊరి నుంచి తెచ్చిన ఉల్లిపాయల బస్తాలోనే వచ్చాయని నా అనుమానం, ఇప్పుడు బస్తాలూ డెలివరీ అట్టపెట్టెలూ బాల్కనీలోనే విప్పేస్తున్నా. పెద్దగా ఎర్రగా ఉండేవి మాత్రం డ్రైనేజీ నుంచి వస్తాయి. వాడని బాత్రూం ఉంటే దాని జాలీ కింద నిలిచే నీళ్లు ఎండిపోయి దారి తెరుచుకుంటుంది, వారానికోసారి మగ్గుడు నీళ్లు పోసి సన్నరంధ్రాల జాలీ వేస్తే చాలా వరకు ఆగుతాయి.

ముందు మీకు కనిపించేవి చిన్నవో పెద్దవో చూసి చెప్పండి, మందు దాన్ని బట్టే.