సముద్రం అడుగున పరికరానికి ట్రాన్స్‌పాండర్ ఎందుకు?

నీళ్లలోకి దించే పరికరానికి జీపీఎస్ ఉంటే చాలదా, ఎకౌస్టిక్ ట్రాన్స్‌పాండర్ (శబ్దంతో పిలిస్తే శబ్దంతోనే జవాబిచ్చే సాధనం) ఎందుకని ప్రశ్న. జీపీఎస్ వాడే రేడియో తరంగాలు ఉప్పునీటిలోకి దిగీ దిగకముందే ఆరిపోతాయి. శబ్దం మాత్రం కిలోమీటర్ల దూరం పోతుంది. కాబట్టి నీటి కింద శబ్దమే దిక్కు.

ఓడ నుంచి ఒక కోడ్ శబ్దాన్ని పంపుతారు. అది తన కోడే అని గుర్తుపడితే ట్రాన్స్‌పాండర్ జవాబిస్తుంది, సాధారణంగా వేరే ఫ్రీక్వెన్సీలో. నీటిలో శబ్దవేగం సెకనుకు సుమారు 1500 మీటర్లు. పరికరం జవాబివ్వడానికి తీసుకునే కాస్త సమయం తీసేశాక, రానూపోనూ 4 సెకన్లు పడితే దూరం సుమారు 3000 మీటర్లు. ఇది ఏటవాలు దూరం, లోతు కాదు. కొత్తవాళ్లు పొరబడేది ఇక్కడే. పైగా ఒక్క కొలతతో దిక్కు తెలియదు. ఓడను కనీసం మూడు చోట్లకు తిప్పి కొలిస్తేనే పరికరం ఎక్కడుందో తేలుతుంది. ఉష్ణోగ్రత, ఉప్పదనం, పీడనాలను బట్టి శబ్దవేగం మారుతుంది కనుక దాన్నీ లెక్కలోకి తీసుకోవాలి.

నా దృష్టిలో అసలు ఉపయోగం పరికరాన్ని వెనక్కి తెచ్చుకునేటప్పుడు. చాలావాటిలో ట్రాన్స్‌పాండర్‌తో పాటు రిలీజ్, అంటే పరికరాన్ని లంగరు నుంచి విడిపించే కొక్కెం కూడా ఉంటుంది. కమాండ్ అందగానే కొక్కెం విడిపోతుంది, లంగరు బరువు అడుగునే ఉండిపోతుంది, తేలుబుడ్లు మిగతాదాన్ని పైకి లాగుతాయి. అది నిజంగా కదిలిందా అన్నది దూరం అంకె తగ్గడం చూసే తెలియాలి. ఆ కాసేపూ డెక్ మీద అందరికీ టెన్షనే! జవాబు సరిగా వినపడకపోతే ముందు ఓడ ప్రొపెల్లర్ ఆపించి చూడండి, చాలాసార్లు అడ్డం ఆ రొదే.