డైపర్ తూకం దగ్గర మొదలుపెట్టు

తమ్ముడూ,

నెలలు నిండకుండా పుట్టి ఆయాసపడే బిడ్డల ఒంట్లో నీళ్ళూ ఉప్పూ గురించి నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ కొడుకు ప్యాట్రిక్‌తో మొదలుపెట్టడం బాగుంది, 1963 ఆగస్టు 7న నెలలు నిండకుండా పుట్టి ఆయాసంతో రెండ్రోజులకే పోయాడు, ఊపిరితిత్తుల్లో గాలి గదులు మూసుకుపోకుండా చూసే సర్ఫాక్టెంట్ అనే పదార్థం లేకపోవడమే కారణమని 1959లోనే తెలిసినా ఇవ్వడానికి మందు లేదు అప్పట్లో. కానీ ఆ తర్వాత పేరాలో వాసోప్రెసిన్, ఆల్డోస్టిరాన్, ఏఎన్‌పీ అని వరసగా హార్మోన్ల పేర్లు పేర్చేసావు, బిడ్డని ఎన్ఐసీయూలో, అంటే పసిబిడ్డల ఐసీయూలో పెట్టి బయట కూర్చున్న అమ్మ అక్కడే చదవడం ఆపేస్తుంది.

మా అమ్మాయి కొడుకు ఏడో నెలలోనే పుట్టాడు, 1200 గ్రాములు. ఊపిరికి సాయంగా ముక్కులోంచి గాలి ఒత్తే సీప్యాప్ మెషీను పెట్టారు. సిస్టర్ మూడు గంటలకోసారి డైపర్ తూచేది, పొడిది 20 గ్రాములు, తడిది 24, అంటే వాడు పోసింది 4 మి.లీ. అంతే. మూడో రోజు అదే డైపర్ 38 తూగింది, ఆ సిస్టర్ మొహం నాకింకా గుర్తుంది, సాయంత్రానికి ఆక్సిజన్ కాస్త తగ్గించారు. నువ్వు చెప్పాలనుకున్న హార్మోన్లన్నీ ఆ తూకంలోనే ఉన్నాయి.

ఆయాసపడే బిడ్డకి వాసోప్రెసిన్ ఎక్కువ ఊరుతుంది, అది నీళ్ళని బయటికి పోనివ్వదు, దాంతో రక్తంలో సోడియం, అంటే ఉప్పు, పల్చబడుతుంది. నువ్వేమో ఉప్పు తగ్గిపోయిందని రాసావు, మొదటి రెండు మూడు రోజుల్లో చాలాసార్లు తగ్గేది ఉప్పు కాదు, ఎక్కువయ్యేది నీళ్ళు, ఫ్లూయిడ్స్ అంత కొలిచి ఇచ్చేది అందుకే. ఏఎన్‌పీ గుండె పైగదుల గోడలు సాగినప్పుడు వస్తుంది, ఉప్పూ నీళ్ళూ వదిలెయ్యమని కిడ్నీకి చెప్తుంది. ఆల్డోస్టిరాన్ ఉప్పు ఆపమన్నా నెలలు నిండని కిడ్నీకి ఆ పని ఇంకా సరిగ్గా చేతకాదు, ఆల్డోస్టిరాన్ గురించి ఈ ఒక్క వాక్యం చాలు.

ఒక జాగ్రత్త. ఒంటేలు పెరిగాక ఆయాసం తగ్గడం సర్ఫాక్టెంట్ మందు రాకముందే డాక్టర్లు గమనించారు, అలాగని ఒంటేలు ఎక్కువ పోయించే లాసిక్స్ మందు ఇచ్చేస్తే నయమవుతుందని రాయకు, ఈ జబ్బుకి అందరికీ అలా ఇవ్వడం వల్ల లాభం తేలలేదు.

ఇంకోటి, బరువు గురించి ఒక్క ముక్కా లేదు నీ వ్యాసంలో. నెలలు నిండని బిడ్డ మొదటి వారంలో నూటికి పదీ పదిహేను వంతులు తగ్గొచ్చు, అందులో ఎక్కువ భాగం ఒంట్లో అదనంగా ఉన్న నీళ్ళే. మావాడు 1080కి దిగాడు. తన పాలు చాలక చిక్కిపోతున్నాడని మా అమ్మాయి మూడు రాత్రులు ఏడ్చింది, ఈ మాట దానికి తెలుగులో ఎవరూ చెప్పలేదు. ఆ పేరా రాసి పంపు, ముందు దానికే చదివి వినిపిస్తాను.

అక్క